తుపాను సహాయ నిధులకు లెక్క అడుగుదాం, చేయి మాత్రం ముడుచుకోవద్దు

సంపాదకుల వారికి,

నమస్కారం. కత్రినా హరికేన్‌కు ఇరవై ఏళ్లు నిండిన సందర్భంగా మీ పత్రికలో వచ్చిన వ్యాసాన్నీ, దానిపై పాఠకులు రాసిన ఉత్తరాలనూ శ్రద్ధగా చదివాను. అంత సంపన్న దేశపు ప్రభుత్వమే తన ప్రజలను నీళ్లలో వదిలేసినప్పుడు, విరాళాలు పోగుచేసిన సంస్థలే లెక్క సరిగ్గా చెప్పలేనప్పుడు, అమెరికాలోని మనవాళ్లు హరికేన్ వచ్చిన ప్రతిసారీ చందాలు ఎందుకివ్వాలన్నది ఆ ఉత్తరాల్లో కొన్నింటి సారాంశం. చాలా ఏళ్లుగా హ్యూస్టన్‌లో ఉంటూ కత్రినా నిర్వాసితులనూ, ఆ తర్వాత హార్వే వరదనూ దగ్గరగా చూసినదాన్ని కనుక, ఆ కోపంలో పెద్ద భాగం న్యాయమైనదేనని అంగీకరిస్తూనే, దాని నుంచి వారు చేరిన నిర్ణయంతో ఏకీభవించలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

2005 ఆగస్టు 29 సోమవారం ఉదయం కత్రినా లూసియానా తీరాన్ని తాకింది. అయితే న్యూ ఆర్లియన్స్‌ను ముంచింది గాలివాన ఒక్కటే కాదు. సైన్యపు ఇంజనీర్ల విభాగం కట్టిన కరకట్టలూ వరద గోడలూ యాభైకి పైగా చోట్ల తెగిపోయి, నగరంలో నూటికి ఎనభై వంతుల నేల నీట మునిగింది. వాటి రూపకల్పనలోనే లోపాలున్నాయని ఆ విభాగమే మరుసటి ఏడాది నివేదికలో ఒప్పుకుంది. అందరూ ఊరు ఖాళీ చేసి తీరాలన్న ఆదేశం వెలువడింది తుపానుకు ముందురోజు, ఆదివారం నాడు. కారు లేని కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్న నగరమది. పైగా నెలాఖరు, పెట్రోలుకో హోటలు గదికో చేతిలో డబ్బు మిగలని రోజులు. కదలలేని వారు సూపర్‌డోమ్ స్టేడియంలోనూ కన్వెన్షన్ సెంటర్‌లోనూ చేరారు. కన్వెన్షన్ సెంటర్ దగ్గర వేలమంది తిండీ నీళ్లూ లేక అల్లాడుతున్న దృశ్యాలను దేశమంతా టీవీల్లో చూస్తుండగా, విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా అధిపతి మైకేల్ బ్రౌన్ ఆ సంగతి తమకు ఆ గురువారమే తెలిసిందన్నారు. మర్నాడు అధ్యక్షుడు బుష్ ఆయనను అందరి ముందూ మెచ్చుకున్నారు. మరో పది రోజులకు బ్రౌన్ రాజీనామా చేశారు. చనిపోయిన వారు 1,300 మందికి పైనే. ఇదంతా చూసిన మనిషికి కోపం రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఆ కోపం పెల్లుబికిన వారంలోనే దానమూ వెల్లువెత్తింది. మన దేశం అమెరికన్ రెడ్ క్రాస్‌కు 50 లక్షల డాలర్లు ఇచ్చి, వాయుసేన విమానంలో 25 టన్నుల దుప్పట్లు, టార్పాలిన్లు మొదలైనవి పంపింది. ఆ విమానం ఆర్కన్సాలోని లిటిల్ రాక్ వైమానిక స్థావరంలో దిగింది. సునామీ దెబ్బ తిని అప్పటికి ఏడాది కూడా నిండని శ్రీలంక 25 వేల డాలర్లు ఇచ్చింది. ఆ పాతిక వేల వెనుక ఉన్న మనసు తలుచుకున్నప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి. కానీ విదేశాలు ఇస్తామన్న 85 కోట్ల డాలర్లకు పైబడిన సాయంలో, ఏడాదిన్నర గడిచినా బాధితుల కోసం వాడినది చాలా స్వల్పమని తర్వాత పత్రికలు వెల్లడించాయి. బ్రిటన్ పంపిన సైనికుల భోజనపు పొట్లాలు లక్షల్లో గిడ్డంగిలోనే ఉండిపోయాయి, వాటిలోని గొడ్డుమాంసం విషయంలో దిగుమతి నిబంధనలు అడ్డొచ్చాయి కనుక. ఇచ్చే చేతులకు కొదవ లేదు. అందుకునే చోట సిద్ధపాటు లేకపోవడమే అసలు లోపం.

ఆగస్టు చివరి రాత్రి నుంచి సూపర్‌డోమ్‌లోని జనాన్ని బస్సుల్లో మా ఊరి ఆస్ట్రోడోమ్ స్టేడియానికి తరలించారు. సహాయానికి వెళ్లిన వేలాది మందిలో ఇక్కడి తెలుగు కుటుంబాల వాళ్లమూ ఉన్నాం. మా చేతికి వచ్చిన పని విరాళంగా వచ్చిన బట్టలు వేరుచేయడం. సెప్టెంబరు ఎండలో ఉన్ని కోట్లు, జత తప్పిన బూట్లు, విందులకు వేసుకునే తళుకు గౌన్లు గుట్టలు గుట్టలుగా వచ్చి పడేవి. ఒక పెద్దావిడ మెడలో అట్టముక్క వేలాడదీసుకుని తిరుగుతోంది. దాని మీద కొడుకు పేరూ, ఇద్దరూ విడిపోయిన వంతెన పేరూ మార్కర్‌తో రాసి ఉన్నాయి. ఆమె మమ్మల్ని బట్టలు అడగలేదు. గోడకు అంటించిన పేర్ల జాబితా చదువుకోవడానికి కళ్లద్దాలు కావాలంది. ఆ గుట్టలన్నీ వెతికినా కళ్లద్దాలు దొరకలేదు. చివరికి ఎవరో మందుల షాపుకు వెళ్లి కొద్దిపాటి డబ్బుతో కొనుక్కొచ్చారు. విపత్తు వేళ వస్తువుల కన్నా డబ్బు పంపడం మేలని సహాయ సంస్థలు పదే పదే చెప్పేది ఇందుకే. ఏమి కావాలో అక్కడున్న మనిషికే తెలుస్తుంది.

అయితే ఆ డబ్బు ఎవరికివ్వాలి? ఉత్తరాలు రాసిన పాఠకుల అభ్యంతరం ఇక్కడే. ఆ ఏడాది వచ్చిన కత్రినా, రీటా, విల్మా హరికేన్ల కోసం అమెరికన్ రెడ్ క్రాస్‌కు 200 కోట్ల డాలర్లకు పైగా అందాయి. అందులోంచి సుమారు 14 లక్షల కుటుంబాలకు నగదు సాయం చేరిందన్నది నిజం. కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్‌లో ఆ సంస్థ కోసం పనిచేసిన కాల్ సెంటర్ సిబ్బందిలో కొందరు, తమవాళ్లతో కలిసి దొంగ పేర్ల మీద బాధితుల సొమ్ము కాజేసి కేసుల్లో ఇరుక్కున్నదీ అంతే నిజం. మొదటి రోజుల్లో న్యూ ఆర్లియన్స్ లోపల రెడ్ క్రాస్ ఎందుకు కనిపించలేదని జనం మండిపడ్డారు కానీ, సంస్థ లోపలికొస్తే జనం ఊరు విడిచి వెళ్లరంటూ అడ్డుచెప్పింది రాష్ట్ర అధికారులు. తప్పు ఎక్కడ ఎవరిదో విడదీసి చూడకుండా అందరినీ ఒకే గాటన కట్టి, ఇక ఎవరికీ ఇవ్వబోమనడం ఎలుకల బాధ పడలేక ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

కోపాన్ని లెక్క అడగడానికి వాడితే ఫలితం ఉంటుందనడానికి అదే సంస్థ చరిత్రలో రుజువుంది. 2001 సెప్టెంబరు దాడుల బాధితుల పేరిట వసూలైన 50 కోట్ల డాలర్లకు పైగా నిధిలో కొంత భాగాన్ని ఇతర అవసరాలకు అట్టిపెట్టాలని రెడ్ క్రాస్ తలపెట్టింది. దాతలు భగ్గుమన్నారు, చట్టసభ సంఘం పిలిచి నిలదీసింది, సంస్థ అధ్యక్షురాలు పదవి వదులుకున్నారు. చివరికి ఆ నిధి మొత్తాన్నీ ఆ బాధితులకే ఖర్చు చేస్తామని నవంబరులో సంస్థ ప్రకటించింది. ఆ దాతలు ఇవ్వడం మానేసి ఊరుకుని ఉంటే ఆ ప్రకటన వచ్చేది కాదు. ఇచ్చారు కనుకనే అడిగే హక్కు వారికి దక్కింది.

గురి తప్పిన కోపం ఏం చేస్తుందో 2024 సెప్టెంబరులో హెలీన్ హరికేన్ తర్వాత చూశాం. నార్త్ కరోలినా కొండల్లో, ఆష్‌విల్ చుట్టుపక్కల, వాగులు ఊళ్లకు ఊళ్లను ఊడ్చుకుపోయాయి. ఇల్లు పోయిన వారికి ఫెమా ఇచ్చేది 750 డాలర్లేనని, ఆపై ఒక్క పైసా రాదని ప్రచారం జరిగింది. నిజానికి ఆ మొత్తం తక్షణ అవసరాల కోసం ముందుగా ఇచ్చేది మాత్రమే. ఇంటి మరమ్మతుకూ అద్దెకూ ఇచ్చే సాయం వేరు. ఆ ప్రచారాన్ని నమ్మి దరఖాస్తే పెట్టని వారికి కలిగిన నష్టం ఎవరు తీరుస్తారు? అక్టోబరులో బెదిరింపుల కారణంగా కొన్ని చోట్ల ఫెమా సిబ్బంది ఇంటింటికీ తిరగడం తాత్కాలికంగా ఆపుకోవలసి వచ్చింది. కోపం వచ్చినవారు అధికారులను నిలదీయవలసిందే. ఎండలో దరఖాస్తు పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన చిన్న ఉద్యోగిని కాదు.

నేను ముఖ్యంగా చెప్పదలచినది ఇంకొకటి ఉంది. హరికేన్ తర్వాత కోపమూ దానమూ కలిసే వచ్చి, టీవీ కెమెరాలు వెళ్లిపోగానే కలిసే పోతాయి. బాధితుడి అసలు కష్టం ఆ తర్వాతే మొదలవుతుంది. కత్రినా బాధితులకు ఫెమా ఇచ్చిన ట్రెయిలర్ ఇళ్లలో ఆరోగ్యానికి హానిచేసే ఫార్మాల్డిహైడ్ వాయువు మోతాదు మించి ఉందని 2008లో ప్రభుత్వ పరీక్షల్లోనే తేలింది. అప్పటికి జనం వాటిలో రెండేళ్లకు పైగా కాపురాలు చేస్తున్నారు. లూసియానాలో ఇళ్లు తిరిగి కట్టుకోవడానికి పెట్టిన 'రోడ్ హోమ్' పథకంలో, తుపానుకు ముందు ఇంటి విలువ, మరమ్మతుకయ్యే ఖర్చు, ఈ రెంటిలో ఏది తక్కువైతే దాని ప్రకారం సాయం లెక్కగట్టారు. ఒకే కొలతల ఇల్లు, ఒకే నష్టం. అయినా నల్లజాతి వారి పేటల్లో ఇళ్ల ధర తక్కువ కనుక అక్కడివారికి తక్కువ సొమ్ము వచ్చింది. దానిపై దావా పడి 2011లో రాజీ కుదిరేసరికి తుపాను వచ్చి ఆరేళ్లయింది. 2000 జనాభా లెక్కల్లో 4.84 లక్షలున్న న్యూ ఆర్లియన్స్ జనాభా 2010 నాటికి 3.43 లక్షలకు పడిపోయింది. తిరిగి రాలేకపోయిన ఆ కుటుంబాల కోసం 2007లోనో 2008లోనో చందాలు పోగుచేసిన సంఘాలు చాలా తక్కువ.

అలాంటి రోజుల్లో నిలబడినవారు లేకపోలేదు. 2006లో వాషింగ్టన్ నుంచి స్వచ్ఛంద సేవకు వచ్చిన ఇద్దరు, న్యూ ఆర్లియన్స్ పక్కనున్న సెయింట్ బెర్నార్డ్ ప్రాంతంలో పరిస్థితి చూసి అక్కడే ఉండిపోయి, ఇళ్లు బాగుచేసే సంస్థను మొదలుపెట్టారు. నగరపు తూర్పు కొసన వియత్నామీయులు తమ చర్చిని కేంద్రంగా చేసుకుని, కరెంటు సరిగ్గా రాకముందే తిరిగొచ్చి, ఒకరి ఇల్లు ఒకరు బాగుచేసుకున్నారు. పేరున్నవారు చేసే దానమంతా నిలుస్తుందన్న హామీ కూడా లేదు. నటుడు బ్రాడ్ పిట్ స్థాపించిన సంస్థ న్యూ ఆర్లియన్స్‌లోని లోయర్ నైన్త్ వార్డు అనే పేటలో వందకు పైగా కొత్త ఇళ్లు కట్టింది. కొన్నేళ్లకే కప్పులు కారి, చెక్క కుళ్లి, 2018లో ఆ ఇళ్ల యజమానులే కోర్టుకెక్కారు. ఇల్లు కట్టి తాళంచెవి ఇవ్వడంతో దాత పని పూర్తి కాదని ఆ కుటుంబాలను చూస్తే తెలుస్తుంది.

2017లో హార్వే మా హ్యూస్టన్‌నే ముంచింది. కొద్ది రోజుల్లో కొన్ని చోట్ల 50 అంగుళాలకు మించి వాన కురిసింది. ఆడిక్స్, బార్కర్ జలాశయాల చుట్టుపక్కల మునిగిన ఇళ్లలో తెలుగువారివీ ఉన్నాయి. విరాళంగా వచ్చే ప్రతి డాలర్‌లో ఎంత భాగం బాధితులకు వెళ్తోందన్న రేడియో విలేకరి ప్రశ్నకు, రెడ్ క్రాస్ ఉన్నతాధికారి ఒకరు అప్పుడు సమాధానం చెప్పలేకపోయారు. అదే సమయంలో ఇక్కడి ఫుట్‌బాల్ ఆటగాడు జె.జె. వాట్ రెండు లక్షల డాలర్ల లక్ష్యంతో ప్రారంభించిన నిధికి 3 కోట్ల 70 లక్షల డాలర్లకు పైగా వచ్చింది. ఏ సంస్థకు ఎందుకు ఇస్తున్నాడో ఆయన పేరుపేరునా ప్రకటించాడు, కొంత సొమ్మును మరుసటి ఏడాది అవసరాలకు అట్టిపెట్టాడు, ఆ తర్వాత ఎన్ని ఇళ్లు బాగయ్యాయో ప్రజలకు చెప్పాడు. సెయింట్ బెర్నార్డ్‌లో పుట్టిన ఆ సంస్థ కూడా ఆ నిధితో హ్యూస్టన్ ఇళ్లు బాగుచేసింది. కత్రినా నాడు ఎవరో ఇచ్చిన చందాతో నిలదొక్కుకున్న సంస్థ పన్నెండేళ్ల తర్వాత మా ఊరికి పనికొచ్చింది.

ఈ మాటలు మన తెలుగువారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తర్వాత సినీ నటులు జోలె పట్టి వీధుల్లో తిరిగితే జనం ఉన్నంతలో ఇచ్చారు. మండలి వెంకట కృష్ణారావు గారిని ఆ సీమ ఇప్పటికీ తలుచుకునేది ఉప్పెన తగ్గాక కూడా అక్కడే ఉండి పునరావాసానికి పాటుపడ్డారనే. అమెరికాలో లాభాపేక్ష లేని సంస్థలు చాలావరకు ఏటా ప్రభుత్వానికి సమర్పించే 990 పత్రాన్ని ఎవరైనా చూడవచ్చు. ఉన్నతాధికారుల జీతాలూ, నిర్వహణ ఖర్చూ అందులో ఉంటాయి. మనవాళ్లు పనిచేసే కంపెనీల్లో చాలా వాటికి ఉద్యోగి ఇచ్చిన విరాళానికి సమానంగా మరికొంత కలిపే ఏర్పాటు ఉంది. ఇన్ని వసతులుండగా, ఇవ్వాలా వద్దా అని వాదించుకునే బదులు, మన తెలుగు సంఘాలు వసూలు చేసే హరికేన్ నిధిలో కనీసం సగం ఆరు నెలలు గడిచాకే ఖర్చు చేయాలని, అదీ ఆ ప్రాంతంలోనే ఉండి పనిచేస్తున్న సంస్థల ద్వారానే చేయాలని సభ్యులు పట్టుబట్టాలి.

మీకు కూడా ఒక మనవి. హరికేన్ వచ్చిన నెలలో సంఘాల ప్రతినిధులు పెద్ద చెక్కు పట్టుకుని దిగిన ఫొటోలు మీ ప్రవాస పుటలో తరచూ వస్తుంటాయి. అవి వేయండి, తప్పు లేదు. ఏడాది తిరిగాక అవే సంఘాలను ఆ సొమ్ము ఎక్కడ, ఎవరి కోసం, ఎంత ఖర్చయిందో రాతపూర్వకంగా అడిగి, వచ్చిన జవాబును అదే పుటలో అంతే చోటిచ్చి ప్రచురించండి. జవాబు ఇవ్వని సంఘం పేరు కూడా ప్రచురించండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
హ్యూస్టన్, టెక్సాస్