బుక్ చేసిన పట్టాలు ఎందుకు ఆలస్యమయ్యాయంటే

శ్రావణం పెళ్లిళ్లకని టెంట్ హౌస్‌ల వాళ్లు, వినాయక చవితి మండపాలకని యూత్ అసోసియేషన్ల వాళ్లు మన దుకాణంలో బుక్ చేసిన పెద్ద పట్టాలు (టార్పాలిన్లు) ఇంకా అందలేదు. ఎందుకు అందలేదన్న దాని మీద వాట్సాప్ గ్రూపుల్లో ఎవరికి తోచిన కథ వాళ్లు చెప్తున్నారు. అందులో సగం నాకే కొత్తగా ఉంది. అందుకే నేనే రాస్తున్నాను. మీ అడ్వాన్సులు ఎక్కడికీ పోలేదు, ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. మిగతాది ఓపికగా చదవండి.

2023 జులై 27 సంగతి వరంగల్ వాళ్లకు కొత్తగా చెప్పేదేం లేదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అంతకుముందు తెలంగాణ రికార్డు 2013లో వాజేడులో పడ్డ 517.5. మన దగ్గర హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్ నీళ్లలో ఉన్నాయి, భద్రకాళి చెరువు కట్ట తెగింది. భూపాలపల్లి దిక్కు మోరంచపల్లి ఊరికి ఊరే మునిగింది. ఏటూరునాగారం అవతల జంపన్నవాగు కొండాయి ఊరి మీద పడింది, పోతూ పోతూ వంతెనను కూడా తీసుకుపోయింది. మేడారం జాతరకు పోయి మనం తానాలు చేసే వాగే అది.

నగరంలో ఇళ్లు కురుస్తున్న వాళ్లంతా దుకాణం మీద పడ్డారు. 18 బై 12, 15 బై 12 అడుగుల లాంటి చిన్న సైజులన్నీ చూస్తుండగానే ఖాళీ అయ్యాయి. గోదాములో మిగిలినవి 24 బై 18 పట్టాలు, అన్నీ 200 జీఎస్ఎం (పట్టా బరువు కొలత), అన్నిటి మీదా మీ పేర్ల చీటీలు.

అప్పుడే ఏటూరునాగారం నుంచి ఫోన్ వచ్చింది. ఎరువుల దుకాణం నడిపే మన పాత కస్టమర్ ఆయన. సిగ్నల్ తెగుతూ ఉంటే మూడు ముక్కల్లో చెప్పాడు: "బియ్యం వస్తున్నయి సేటూ. పాత బట్టలు కుప్పలు పడ్డయి, తీసుకునేటోళ్లు లేరు. గోడలు పోయినయి, పైన కప్పేందుకే ఏం లేదు." మా బజారు వ్యాపారులం అప్పటికే చందాలు వేసుకుని ఉన్నాం. బిస్కెట్ ప్యాకెట్లు, దుప్పట్లు పంపుదామని అనుకుంటున్నాం. ఈ ఫోన్‌తో లెక్క మారింది.

ఇక్కడ ఒక అమ్మాయి గురించి చెప్పాలి. మన రెగ్యులర్ కస్టమర్ బిడ్డ, ఫిలిప్పీన్స్‌లో సెబూలో మెడిసిన్ చదువుతోంది. 2021 డిసెంబరు 16న అక్కడ పెద్ద తుఫాను వచ్చింది. బయటి ప్రపంచం రాయ్ అంటుంది, వాళ్లు ఓడెట్ అంటారు. మొదట సియర్గావ్ దీవిని కొట్టింది, పక్కన దినగట్ దీవులను ఊడ్చేసింది, సెబూను కూడా వదల్లేదు. కరెంటు, ఫోన్లు రెండూ పోయాయి. అక్కడి వాళ్లు చెప్పగా విన్నది ఆ బిడ్డ మాకు వీడియో కాల్‌లో చెప్పింది. సామాను పెద్ద రేవు దాకా ఎట్లాగో వస్తుందట. అసలు కష్టం రేవు నుంచి చిన్న దీవికి. ఓడలు ఆనే చోటు ఉండదు, బంకా అనే, పక్కలకు కర్రలు కట్టిన చిన్న పడవల మీదే తీసుకుపోవాలి. అందుకని మూట ఎంత బరువుండాలో పడవను చూసి, మోసే మనిషిని చూసి కట్టాలి. "అంకుల్, లారీని చూసి కట్టకండి" అంది. ఎవరి ఇంటికి ఏం కావాలో అక్కడి మనిషి రాసిన జాబితా రాకుండా ఏదీ పంపొద్దని కూడా అంది.

దీవి అంటే సముద్రంలోనే ఉండాలని లేదు కదా. వంతెన పోయాక కొండాయి కూడా అంతే. ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం దాకా వంద కిలోమీటర్ల పైన రోడ్డు. ఎక్కడ తెగిందో, ఎక్కడ ఉందో గంట గంటకూ కనుక్కుని లారీ పోవాలి. తర్వాత ట్రాక్టర్, ఆ తర్వాత వాగు, పడవ, చివరికి మనిషి తల. జాబితా ఎరువుల దుకాణం ఆయనే రాయించి ఫొటో తీసి పంపాడు. ఇంటి పెద్ద పేరు, మనుషులెందరు, గోడ ఉందా పోయిందా, అంతే. ఇంత శుభ్రమైన కాగితం నేను ఆఫీసుల్లో కూడా చూడలేదు.

రెడ్‌క్రాస్ లాంటి సంస్థలు పాటించే లెక్క ఒకటుంది. మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్ల నీడ కావాలి. ఐదుగురున్న ఇంటికి 17.5. వాళ్లు పంచే పట్టా 4 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవు ఉంటుంది. మన కొలతల్లో దానికి దగ్గరగా వచ్చేది 18 బై 12, అంటే 20 చదరపు మీటర్లు. అది అయిపోయింది. ఉన్నది 24 బై 18. దాన్ని నడుమ కోస్తే రెండు 18 బై 12లు. ఒక్క పట్టా రెండిళ్లకు సరిపోతుంది.

లెక్క సులభంగానే ఉంది. కోయడమే కష్టం.

మా బాపు ఈ దుకాణం పెట్టిన రోజుల నుంచి ఒకటే మాట: చీటీ పడ్డ మాల్ అంటే వరపూజ అయిన పిల్ల, ఇంకో ఇంటికి ఇయ్యరాదు. కరువులో, కర్ఫ్యూలో కూడా ఆయన ఆ మాట తప్పలేదు. కోయకుండా నిండు పట్టాలు పంపుదామా అని ఆలోచించాను. పంపితే తర్వాత తిరిగి తెచ్చుకోవచ్చు, కడిగి ఇవ్వొచ్చు. కానీ రెండిళ్లకు ఒక పట్టా అంటే ఎవరి వాకిట్లో కట్టాలన్న పంచాయితీ అక్కడ మొదలవుతుంది. పైగా నెల రోజులు ఎండకూ వానకూ ఆగిన పట్టాను కొత్తదని మీకు ఎలా ఇస్తాను? కోస్తే మాత్రం ఇక వెనక్కి రాదు. మీలో కొందరికి ఫోన్ చేశాను. కలిసిన వాళ్లలో ఎక్కువ మంది "ఇచ్చెయ్ అన్నా" అన్నారు. ఒకరిద్దరు "మా పండుగ సంగతేంది" అన్నారు, ఆ అడగడంలో న్యాయం ఉంది. చాలామంది ఫోన్లు కలవనే లేదు. రాత్రంతా గోదాములో అటూ ఇటూ తిరిగాను. మా ఆవిడ వచ్చి, "నువ్వు తెల్లారేదాకా ఆలోచిస్తే వాళ్లు తెల్లారేదాకా తడుస్తరు" అని చెప్పి పోయింది.

చీటీలు ఒక్కొక్కటీ విప్పి మేకుకు గుచ్చాను. ఇప్పటికీ అదే వరుసలో ఉన్నాయి. పట్టాను నేల మీద పరిచి, సుద్దతో గీత గీసి కత్తెర పెట్టాను. కోసిన వైపు అంచు ఉండదు, రింగులు ఉండవు. అట్లాగే పంపితే మొదటి గాలికే చీలుతుంది. అందుకని మన టైలరు ఆ అంచును మూడు మడతలు వేసి, లోపల తాడు పెట్టి కుట్టాడు. దాని మీద రింగులు సుత్తితో కొట్టాం. ఐదేసి పట్టాలు ఒక కట్ట, 20 కిలోలు, పైన నైలాన్ తాడు. ఆ బరువైతే ఒక మనిషి తల మీద పెట్టుకుని మోకాళ్ల లోతు నీళ్లలో నడవగలడు.

మధ్యలో ఒక నాయకుడి మనుషులు వచ్చారు. పట్టాల మీద తమ సార్ ఫొటో ముద్రిస్తే సగం ఖర్చు పెట్టుకుంటామన్నారు. ముద్రించడానికి టైం లేదని మర్యాదగానే పంపించాను. (టైం ఉన్నా ముద్రించేవాణ్ని కాదు, అది వేరే సంగతి.)

ఇక డబ్బుల మాట. పట్టాలు నేను ఉచితంగా ఇవ్వలేదు. నేను కొన్న రేటుకే, చందా డబ్బులు తీసుకుని ఇచ్చాను. కోత కూలి, కుట్టు కూలి నావి. వరదలో డబుల్ రేటుకు అమ్ముకున్నానని రాసిన వాళ్లు దుకాణానికి రండి, బిల్లు బుక్కు గల్లా మీదే ఉంది. "మా అడ్వాన్సుతో నువ్వు పుణ్యం కట్టుకున్నవా" అని ఒక యూత్ వాళ్లు మెసేజ్ పెట్టారు. వాళ్ల అడ్వాన్సు అదే సాయంత్రం తిరిగి పంపాను. ఆ మాట మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది. ఇలాంటి వరద మళ్లీ వచ్చినా ఇదే పని చేస్తాను. నచ్చని వాళ్లు ముందే చెప్పి బుక్ చేసుకోండి, మీ చీటీ మీద "కోయరాదు" అని రాస్తాను.

ఇంతవరకైతే ఆలస్యం అయ్యేదే కాదు. అధిక శ్రావణం పడటం వల్ల ఆగస్టు 16 దాకా పెళ్లిళ్లు లేవు, చవితి సెప్టెంబరు 18న. కోసిన మర్నాడే అన్నిటికీ కొత్త ఆర్డర్ పెట్టాను, పూర్తి డబ్బు ముందే కట్టాను. సప్లయర్ బాపు కాలం నుంచి ఉన్నవాడు. ఇన్నేళ్లలో అతనితో కాగితం రాసుకున్నది లేదు, నోటి మాటే. పేరు రాయను.

మాల్ టైంకే వచ్చింది. బిల్టీ (లారీ రసీదు) చూపించి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు నుంచి బేళ్లు తెచ్చాం. హమాలీ ఒక బేలు ఎత్తుతూ, "అన్నా, ఈసారి అల్కగ ఉన్నయేంది" అన్నాడు. ఎత్తే వాడి భుజానికి తెలుస్తుంది. విప్పి ఒకటి కాంటా మీద పెట్టాను.

మీరూ నేర్చుకోండి, పనికొస్తుంది. పొడవును వెడల్పుతో గుణించండి, 24 ఇంటూ 18 అంటే 432 చదరపు అడుగులు. 10.76తో భాగిస్తే 40 చదరపు మీటర్లు. జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు పట్టా ఎన్ని గ్రాములో అది. 200 జీఎస్ఎం అయితే 40 ఇంటూ 200, ఎనిమిది కిలోలు. నా కాంటా ఐదున్నర దగ్గర ఆగింది. అంటే 140 కంటే తక్కువే. లేబుల్ మీద మాత్రం 200 అని ఇంత లావు అక్షరాలతో ఉంది. ఒక మూల మడిచి గోరుతో గట్టిగా రుద్ది విప్పితే తెల్లటి గీత పడింది, గీత వెంబడి సన్నగా పగుళ్లు. పాత ప్లాస్టిక్ ఎక్కువగా కలిపితే అట్లా అవుతుంది. తొమ్మిది రోజులు మండపం మీద ఉంటే దాని పని ఖతం, కింద గణపతి తడుస్తాడు.

ఫోన్ చేశాను. ముందు "పది శాతం అటూ ఇటూ ఉంటది" అన్నాడు. పది శాతం తీసేసినా ఏడు కిలోల పైన ఉండాలి కదా అన్నాను. "వరదలతో ఆర్డర్లు ఎక్కువైనయి, అందరికీ ఇదే పంపిన, ఎవరూ అడగలే" అన్నాడు. చివరికి అన్న మాట ఇది: "మీరు కాంటా ఎందుకు పెట్టిన్రు?" నాకు ఆ పైన మాట రాలేదు. బాపు ఉన్నప్పుడు ఇదే మనిషి మా ఇంట్లో అన్నం తిన్నాడు. నష్టం కన్నా ఆ ప్రశ్నే ఎక్కువ కాలింది. రేటు తగ్గిస్తా, అమ్మేసుకోమన్నాడు. బజారులో అట్లా అమ్మే దుకాణాలు ఉన్నాయి, మీలో ఎవరూ కాంటా పెట్టి కూడా చూడరు, అది కూడా నాకు తెలుసు. కానీ ఒక్క పట్టా కూడా అమ్మలేదు, అమ్మను. మాల్ తీసుకుపో, డబ్బు పంపు అన్నాను. అప్పటి నుంచి ఫోన్ ఎత్తడం లేదు.

మీ పట్టాల విషయానికి వస్తాను. వేరే చోట కొత్త ఆర్డర్ పెట్టాను. ఈసారి బరువు రాసిన కాగితం తీసుకున్నాను, బరువు చూశాకే మిగతా డబ్బు. మొదటి లోడు రాగానే ముందు టెంట్ హౌస్‌ల వాళ్లకు ఇస్తాను, పెళ్లి ముహూర్తం మన కోసం ఆగదు. అంతవరకు కిరాయికిచ్చే మా పాత కాన్వాస్ పట్టాలు ఊరికే తీసుకుపోండి, బరువే గానీ చుక్క కారవు. మండపాల వాళ్లకు సెప్టెంబరు మొదటి వారంలో ఇస్తాను. రేటు పెరిగింది, పెరిగింది నేనే భరిస్తాను, మీరు బుక్ చేసిన రేటే. ఆగలేని వాళ్లు రసీదు తెచ్చి అడ్వాన్సు తీసుకుపోండి, కారణం అడగను. 30 బై 40 అడిగిన ఇద్దరికి మాత్రం నికరంగా మాట ఇవ్వలేను, మీరు వేరే చోట చూసుకోవడమే మంచిది.

ఇంకో విషయం. కాంటాను లోపలి నుంచి తెచ్చి దుకాణం గుమ్మం దగ్గర పెట్టించాను. తూచి చూసుకున్నాకే డబ్బులివ్వండి. ఆ తక్కువ బరువు బేళ్లు దుకాణం ముందు, మీరు బండ్లు పెట్టుకునే చోటే ఉన్నాయి. సప్లయర్ మనిషిని పంపేదాకా వాటిని లోపలికి తీసుకోను, లోపలికి తీసుకుంటే ఒప్పుకున్నట్టే అవుతుంది. అందాకా బైకులు ఎదురుగా కిరాణం ముందు పెట్టుకోండి, వాళ్లతో మాట్లాడాను.