కారు ఆపేశాం, మరి కాలువ సంగతో?

సంపాదకుడు గారికి,

ఢిల్లీ చలికాలం అంటే మనవాళ్లకు పొగమంచు ఫొటోలే గుర్తొస్తాయి, ఇక్కడ ఉంటే గానీ మిగతాది తెలియదు. గాలి నాణ్యత సూచీ 400 దాటితే గ్రాప్ (కాలుష్యం పెరిగేకొద్దీ దశలవారీగా బిగించే ఆంక్షలు) మూడో దశ పెడతారు, పాత కాలుష్య ప్రమాణాలతో తయారైన బీఎస్-3 పెట్రోలు, బీఎస్-4 డీజిల్ కార్లు రోడ్డెక్కకూడదు. నాది బీఎస్-4 డీజిలే, కవరు కప్పేసి మెట్రోలో పోతున్నాను, దానికి నాకేం బాధ లేదు. కానీ అదే వారం కుళాయి కూడా ఆగిపోతే ఎలాగండీ? యమునలో అమ్మోనియా పెరిగితే వజీరాబాద్ ప్లాంటు శుద్ధి చేయలేక సరఫరా తగ్గుతుంది. ఎగువన హర్యానా ఫ్యాక్టరీల మురుగు వదులుతోందని ఢిల్లీ, ముందు మీ డ్రెయిన్లు చూసుకోండని హర్యానా. కృష్ణా నీళ్ల పంచాయితీ వింటూ పెరిగినవాణ్ని, నాకిది పాత పాటే. మొన్న తెల్లవారుజామున బకెట్లో పట్టిన నీళ్లు పచ్చగా ఉన్నాయి, ముక్కు మూసుకోవాల్సిన వాసన. ట్యాంకరుకు ఫోన్ చేస్తే "మంచు సార్, డ్రైవరుకు దారి కనబడట్లేదు" అన్నారు!

యమున పంపకంపై అయిదు రాష్ట్రాలు 1994లో ఒప్పందం చేసుకున్నాయి, 2025 తర్వాత సమీక్ష కోరవచ్చని అందులోనే ఉంది. ఈసారి ఎన్ని నీళ్లో రాసేచోటే ఎలాంటి నీళ్లో కూడా రాయించండి. నా కారు కాగితాలు చూసే పోలీసులాంటి వాడు కాలువ గట్టు మీద కూడా ఒకడుండాలి.

- ఒక పాఠకుడు, ఉత్తర ఢిల్లీ