శీనూ, ఆ మెట్ల సంగతి

ఒరేయ్ శీనూ,

నిన్న ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదురా. కబుర్ల మధ్యలో ఒక మాట అనేసి పోయావు చూడు, "రెండో అంతస్తు ఎక్కేసరికి గుండెల మీద బరువు పెట్టినట్టుంటుంది, కాసేపు నిలబడితే సర్దుకుంటుంది, గ్యాస్ అయ్యుంటుంది" అని. ఫోన్లో చెబితే మాట మార్చేస్తావని ఉత్తరమే రాస్తున్నాను.

గ్యాస్ అయితే ప్రతిసారీ మెట్ల దగ్గరే ఎందుకొస్తుందిరా? శ్రమపడితే వచ్చి, ఆగితే కొద్ది నిమిషాల్లో పోతోందంటే ముందు గుండె రక్తనాళాలనే అనుమానించాలి. కొవ్వు పేరుకుని నాళం ఇరుకైనా, కూర్చున్నప్పుడు అందే రక్తం సరిపోతుంది. మెట్లెక్కితే గుండెకి ఇంకా కావాలి, అది అందదు. మామూలుగా 70 శాతం దాకా మూసుకుపోతే గానీ ఈ బరువు తెలియదు. "నొప్పేం కాదులే" అన్నావు. చాలామంది చెప్పేది నొప్పి కాదురా, ఆ బరువే. దవడకో, చేతికో, వీపుకో పాకవచ్చు. సుగర్ ఉన్నవాళ్లకి అదీ లేకుండా ఉత్త ఆయాసమే రావచ్చు. నీకు సుగర్ ఉంది. పైగా మీ నాన్నగారికి 52 ఏళ్లకే స్టెంట్ వేశారు.

ఈసీజీ బాగుందని ధీమాగా ఉన్నావు. పడుకోబెట్టి తీసిన ఈసీజీ ఇలాంటప్పుడు మామూలుగానే రావచ్చు. నడిపిస్తూ తీసే ట్రెడ్‌మిల్ పరీక్షో, స్కాన్‌లో గుండె నాళాలు చూసే సీటీ యాంజియోగ్రామో ఏది కావాలో గుండె డాక్టరే చెప్పాలి.

మా అన్నయ్యకి ఇలా నాళాలు ఇరుకవడం కాళ్లలో మొదలైంది. నడిస్తే పిక్కలు పట్టేసేవి, ఆగితే వదిలేసేవి. వయసు అనుకున్నాం, నేను కూడా. అలా ఏడాది పోయింది. బొటనవేలి పుండు మానకపోతే అప్పుడు పరిగెత్తాం. డాక్టరు చీలమండ దగ్గరా చేతికీ బీపీ చూసి పోల్చారు. కాలిది చేతి బీపీలో 0.9 వంతు కన్నా తక్కువుంటే కాలి నాళాలు ఇరుకైనట్టేనట. ఇంత చిన్న పరీక్ష ఏడాది ముందే చేయించలేదని నాకిప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. కాలిలో ఉంటే గుండెలోనూ ఉండవచ్చని ఆ రోజే తెలిసింది.

ఒకటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో. ఊరికే కూర్చున్నప్పుడు ఆ బరువొచ్చినా, ఆగినా తగ్గకపోయినా, చెమటలు పట్టినా వెంటనే అంబులెన్స్ పిలువు, బండి నువ్వు నడపకు. పక్షవాతంలా మూతి వంకర పోయి, చెయ్యి పట్టు తప్పి, మాట ముద్దగా వస్తే అయిదు నిమిషాల్లో సర్దుకున్నా సరే, అప్పుడూ అంతే.

సిగరెట్ సంగతి ఎదురుగా మాట్లాడతాను. రేపే గుండె డాక్టరుకి ఫోన్ చేసి ఈ మెట్ల సంగతి చెప్పు, ఎంత త్వరగా రమ్మంటే అంత త్వరగా వెళ్దాం. నేను సెలవు పెట్టేస్తాను. పాత రిపోర్టులన్నీ తీసి ఉంచు.

నీ
రవి