బరువు పేరుతో పరువు తీయొద్దు

సంపాదకులకు నమస్కారం.

ఊబకాయం గురించి మీరు తరచూ వ్యాసాలు వేస్తున్నారు. వాటిలో డాక్టర్లు చెప్పే సంగతులు పనికొచ్చేవే. బాధంతా పక్కన వేసే ఫొటోలతోనే. వాటిలో తల ఉండదు, ముఖం ఉండదు, పొట్ట ఒక్కటే ఉంటుంది. లావుగా ఉన్న పాఠకులు ఆ పేజీ తెరిస్తే వాళ్లకేమనిపిస్తుందో ఒక్కసారి ఆలోచించండి. దయచేసి ఆ ఫొటోలు మానేయండి.

సిగ్గుతోనైనా తగ్గుతారులే అని చాలామంది అనుకుంటారు. అది తప్పు. ఒంటి గురించి ఎగతాళి పడ్డవాళ్లు దిగులుతో ఇంకా ఎక్కువ తినడం, నలుగురిలో వ్యాయామానికి జంకడం, డాక్టరు దగ్గరికి వెళ్లడం వాయిదా వేయడం పరిశోధనల్లో పదేపదే కనిపించింది. బరువు వెనుక జన్యువులు, నిద్ర, వాడే మందులు కూడా ఉంటాయి. బద్ధకమని ఒక్క మాటతో కొట్టిపారేస్తే ఎలా? ఈ వివక్షను ఆపాలంటూ 2020లో పలు దేశాల నిపుణులు ‘నేచర్ మెడిసిన్’ పత్రికలో ఉమ్మడి ప్రకటన కూడా చేశారు.

నేను హైస్కూల్లో పాఠాలు చెబుతాను. ఆరోగ్య పరీక్షల రోజు ఒకమ్మాయి బూట్లు విప్పింది, వాచీ తీసింది, చివరికి జేబులో పెన్ను కూడా తీసి పక్కన పెట్టి అప్పుడు తూకం ఎక్కింది. రాసుకునే ఆయన అంకెను పైకి చదివాడు. వెనక వరుసలో నవ్వులు. అప్పటినుంచి ఆటల పీరియడ్‌కి ఆ పిల్ల ఏదో ఒక వంక చెబుతూనే ఉంది. చదువులో చురుకైన పిల్ల, ఇప్పుడు జవాబు తెలిసినా చెయ్యెత్తదు. నాకు అన్నిటికంటే కష్టంగా ఉన్నది ఇదే. తూకం ఒక చాటున పెట్టి, అంకె పైకి చదవకుండా రాసుకుంటే సరిపోయేది కదా!

సన్నగా ఉన్న పిల్లలకూ ఈ బాధ తప్పడం లేదు. అసలు బరువు ఎంతన్నదానికన్నా, తన ఒళ్లు తనకు నచ్చకపోవడమే ఆత్మగౌరవాన్ని ఎక్కువ దెబ్బతీస్తుంది. ఆ నచ్చకపోవడం బయటి నుంచీ వస్తుంది. నిండైన ఒంటినే మెచ్చుకునే ఫిజీ దీవుల్లో ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. తిండి విషయంలో ప్రమాదకరమైన ధోరణి ఉన్న స్కూలు అమ్మాయిలు అప్పుడు 12.7 శాతం. 1998కల్లా 29.2 శాతం అయ్యారని పరిశోధకురాలు ఆన్ బెకర్ బృందం తేల్చింది. ఇప్పుడు పిల్లల చేతుల్లో ఉన్నది టీవీ కాదు, ఫోను.

ప్రకటనల్లో ఒంటి ఆకారాన్ని మార్చి చూపిన ఫొటోలపై ఆ సంగతి తెలిపే గుర్తు ఉండాలని నార్వేలో 2022 నుంచి చట్టం అమల్లో ఉంది. మీ పేజీల్లోని ప్రకటనలకు అలాంటి నియమం మీరే పెట్టుకోవచ్చు, చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఊబకాయం వ్యాసాలకు మాత్రం ముఖం ఉన్న మనుషులను, పని చేసుకుంటూనో నడుస్తూనో ఉన్నవాళ్లను, వాళ్ల అనుమతితో చూపించండి.

– ఒక ఉపాధ్యాయురాలు