పిల్లలు చేసిన కూరగాయల చెక్క మీ వంటింటికి వస్తోంది

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

6 నుంచి 8 తరగతుల పిల్లలు పది రోజులు సంచి లేకుండా బడికొచ్చి, వడ్రంగులూ కుమ్మరుల వంటి వాళ్ల దగ్గర పని నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం సూచించింది. మన ఎనిమిదో తరగతి వాళ్లు ఆ రోజుల్లో మేస్త్రి పక్కన నిలబడి కూరగాయలు తరిగే చెక్కలు చేస్తున్నారు. కొత్త కలప కొనడం లేదు, అన్నీ మీరు పంపే మిగులు ముక్కలే. ముక్కు గుడ్డ కట్టుకున్నాకే రంపం చేతికిస్తున్నాం.

ముక్కలు పంపే ముందు అది ఎక్కడి కలపో దయచేసి కనుక్కోండి. మన చెన్నైలో పాత ఇళ్లు కూల్చినచోట మంచి టేకు దొరుకుతుంది, చేవ ఉన్న కలప. కానీ రంగు వేసిన తలుపులు, ద్వారబంధాలు వద్దు. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల్లో 90 పాళ్లు మించకూడదన్న నియమం 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. పాత రంగును గీకితే ఆ దుమ్ము పిల్లల ఊపిరిలోకి పోతుంది. హార్బరు సరుకుతో వచ్చే ప్యాలెట్లూ (సరుకు పేర్చే చెక్క చట్రాలు) వద్దు. వాటి మీద గోధుమ కంకి ముద్ర పక్కన ఎం.బి. అని ఉంటే పురుగుల్ని చంపే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టారని అర్థం. హెచ్.టి. అంటే లోపలి దాకా 56 డిగ్రీల్లో 30 నిమిషాలు వేడి చేసినది. అందులో మందు లేకపోయినా దాని మీద దారిలో ఏం ఒలికిందో ఎవరికి తెలుసు? అన్నం తినే చోటికి నేను ఒప్పుకోను. ప్లైవుడ్ కూడా పంపకండి.

చిత్రిక పట్టిన పట్టీలను, వాటి చివర కనిపించే వలయాలు ఒకదానికి పైకి, పక్కదానికి కిందికి వంగేలా పేర్చి అతికిస్తున్నారు. అలా చేస్తే చెక్క అంతా ఒకే వైపు వంగదు. జిగురు నీటికి కరగనిది. తర్వాత 80, 120, 220 నంబర్ల ఉప్పు కాగితాలు (సాండ్ పేపర్లు) వరసగా రుద్దాలి. నున్నగా అయిందనుకున్నాక తడిగుడ్డతో తుడిస్తే నూగు లేచి మళ్లీ గరుకవుతుంది. ఆరాక ఇంకోసారి రుద్దాలి. ఒక పాప కళ్లు మూసుకుని అరచేత్తో తడిమి, "ఇంకా ఇక్కడ గుచ్చుకుంటోంది మేడం" అని తనంతట తనే మళ్లీ కాగితం అందుకుంది. నాకు ఎంత సంతోషం వేసిందో!

చెక్క ఇంటికొచ్చాక షోకేసులో పెట్టకండి, రోజూ దాని మీదే తరగండి. మాంసానికి, చేపలకు వేరే చెక్క వాడండి. కడిగి వెంటనే నిలబెట్టి ఆరనివ్వండి, సింకులో నానబెట్టకండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఐప్పసి, కార్తిక వానల్లో గాలి తేమకే చెక్క ఉబ్బుతుంది, గోడకు ఆనించి మూల పడేయకండి. పొడిబారినప్పుడు మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ పలచగా రాయండి. వేరుశనగ నూనె, నువ్వుల నూనె రాస్తే కొన్నాళ్లకు సిక్కు వాసన, అంటే పాడైన నూనె వాసన వస్తుంది.

మిగులు ముక్కలుంటే వచ్చే శుక్రవారంలోగా, ఎక్కడివో రాసిన చీటీ అంటించి, పిల్లల చేత పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు