నాలుక మీది పొక్కులను ముట్టుకోవద్దని చెప్పిన ముగ్గురికి కృతజ్ఞతలు

నాలుక కొన మీద లేచిన నాలుగు ఎర్రని పొక్కులతో పదకొండు రోజులు బాధపడిన నన్ను ముగ్గురు ఆదుకున్నారు. ఒకరు మా అక్క, ఒకరు మందుల దుకాణంలోని ఫార్మసిస్టు, మరొకరు దంతవైద్యురాలు. పేర్లు రాయవద్దని వారు కోరినందున రాయడం లేదు. ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నవారు కారు. అయినా ముగ్గురి నోటా వచ్చిన మొదటి మాట ఒక్కటే: దానిని ముట్టుకోవద్దు. ఆ మాట నాకు ఎంత మేలు చేసిందో నలుగురిలో చెప్పి కృతజ్ఞతలు తెలుపుకోవడం నా బాధ్యత అని భావిస్తున్నాను.

మొదటి రోజు సాయంత్రం నాలుక చివర సూది గుచ్చినట్లు అనిపించింది. అద్దంలో చూసుకుంటే ఆవగింజంత పొక్కు ఒకటి, చుట్టూ ఎరుపు, నెత్తిన తెల్లని చుక్కతో కనిపించింది. తెల్లవారేసరికి అవి నాలుగయ్యాయి. మింగేటప్పుడు కలిగే నొప్పి కంటే మాట్లాడేటప్పుడు కలిగే నొప్పే ఎక్కువగా ఉండేది. త, ద, న వంటి దంత్యాక్షరాలు పలికిన ప్రతిసారీ నాలుక కొన పళ్లకు తగిలి చురుక్కుమనేది. నోరు శుభ్రంగా లేకపోవడం వల్లే ఇలా జరిగిందని నాకు నేనే నిర్ణయించుకుని, నాలుకను రోజుకు మూడుసార్లు గట్టిగా గీకాను, ఆల్కహాలు ఉన్న ఘాటైన మౌత్‌వాష్‌తో పుక్కిలించాను. మంట పెరిగిందే తప్ప తగ్గలేదు. మూడవ రోజు, ఆ తెల్లని చుక్కలో చీము ఉన్నదనుకుని, వేడినీటిలో మరిగించిన సూదితో అద్దం ముందు నిలబడ్డాను.

అక్క చూసింది. "వద్దమ్మా, అది చీము కాదు. నువ్వు గుచ్చితే ఉన్న వాపుకు గాయం కూడా తోడవుతుంది" అని సూది తీసేసుకుంది. ఆమెకు వైద్యం తెలియదు. కానీ తన చిన్న కుమారుడికి ఇటువంటి పొక్కులే జ్వరంతో కలిసి వచ్చినప్పుడు పిల్లల వైద్యులు చెప్పిన ప్రతి మాటనూ గుర్తుపెట్టుకుంది. పిల్లలలో ఇది ఒక్కొక్కసారి జ్వరంతో, చొంగ కార్చడంతో, అన్నం మానేయడంతో మొదలై, ఇంట్లో మరొకరికి కూడా రావచ్చునని, సాధారణంగా ఒకటి రెండు వారాలలో దానంతట అదే తగ్గుతుందని ఆమె నాకు వివరించింది. ఆ పూట ఆమె ఇంట్లో లేకపోతే నేను ఏమి చేసి ఉండేదాన్నో తలచుకోవడానికి ఇప్పటికీ ఇష్టపడను.

మరుసటి రోజు మందుల దుకాణానికి వెళ్లి యాంటీబయాటిక్ అడిగాను. అడిగినది చేతిలో పెట్టి పంపించి ఉంటే ఆ ఫార్మసిస్టుకు అర నిమిషంలో పని అయిపోయేది. ఆయన అలా చేయకుండా, జ్వరం ఉన్నదా, మెడలో గడ్డలు తగులుతున్నాయా, మింగడం కష్టమవుతోందా అని అడిగి, లేవని చెప్పగా, రుద్దుడు వల్లో మంట వల్లో వచ్చిన వాపుకు యాంటీబయాటిక్ పనిచేయదని, అవసరం లేని మందు ఇవ్వలేనని మర్యాదగా నిరాకరించారు. ఒక గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి, అర నిమిషం పుక్కిట పట్టి ఉమ్మేయడం రోజుకు మూడు నాలుగుసార్లు చేయమన్నారు. పొగలు కక్కే వేడి, కారం, పులుపు మానేయమని, చల్లని నీళ్లు కొద్దికొద్దిగా తాగమని, ఆల్కహాలు లేని మౌత్‌వాష్‌కు, నురుగు తెప్పించే సోడియం లారిల్ సల్ఫేట్ లేని టూత్‌పేస్టుకు మారి చూడమని చెప్పారు. మొద్దుబార్చే జెల్ గురించి అడిగినప్పుడు ఆయన చేసిన హెచ్చరికను నేను ప్రత్యేకంగా ఇక్కడ రాస్తున్నాను: బెంజోకైన్ ఉన్న జెల్‌ను రెండేళ్లలోపు పిల్లల నోటిలో రాయకూడదు, ఎందుకంటే రక్తం ఆక్సిజన్‌ను మోయలేని మెథెమోగ్లోబినీమియా అనే ప్రమాదకరమైన స్థితి దాని వల్ల అరుదుగానైనా రావచ్చు. పసిపిల్లలున్న ఇళ్లలో ఈ సంగతి తెలియకపోవడం చిన్న విషయం కాదు.

మూడు రోజులలో మూడు పొక్కులు అణిగిపోయాయి. నాలుగవది మాత్రం కుడివైపు అంచున అలాగే ఉండిపోయింది. అది ఎందుకు పోవడం లేదో చూద్దామని టార్చి వెలుగులో నాలుకను వీలైనంత బయటకు చాపి చూసుకున్నాను. నాలుక వెనుక భాగంలో, గొంతుకు దగ్గరగా, గుండ్రని పెద్ద బొడిపెలు వరుసగా కనిపించాయి. అవి క్యాన్సరేనని నమ్మి ఆ రాత్రి నిద్రపోలేదు. ఆ భయాన్ని నేను ఎవరికీ చెప్పలేదు, అక్కకు కూడా.

ఎనిమిదవ రోజు దంతవైద్యురాలి దగ్గరకు వెళ్లాను. ఆమె నా మాటలన్నీ చివరి వరకు విన్నారు. గాజుగుడ్డతో నాలుకను పట్టుకుని రెండు పక్కలా, అడుగునా చూశారు. దవడ కింద, మెడ మీద వేళ్లతో తడిమారు. ఆ తర్వాత చేతి అద్దం నాకు ఇచ్చి, నేను భయపడిన ఆ వెనుక బొడిపెలను నాకే చూపించి, అవి ఎనిమిది నుండి పన్నెండు వరకు, ఆంగ్ల అక్షరం 'వి' ఆకారంలో, ప్రతి మనిషి నాలుకపైనా పుట్టుకతో ఉండే పాపిల్లాలని, అంటే సహజమైన బొడిపెలేనని చెప్పారు. కొన మీద, పక్కల మీద పుట్టగొడుగు ఆకారంలో ఉండేవి వేరే రకమని, వాటిలో రుచి మొగ్గలుంటాయని, నాకు వాచినవి అవేనని వివరించారు. ఈ స్థితికి ట్రాన్సియెంట్ లింగ్వల్ పాపిల్లైటిస్ (నాలుక పాపిల్లాలకు తాత్కాలికంగా వచ్చే వాపు) అనే పేరు 1996లో ఒక దంతవైద్య పత్రికలో వచ్చిన వ్యాసం నుండి వాడుకలోకి వచ్చిందట. దీనికి ఒకే కారణమంటూ లేదు. పంటి రాపిడి, నాలుక కొరుక్కోవడం, వేడి పదార్థాలు, పడని ఆహారం, మానసిక ఒత్తిడి, వీటిలో ఏదైనా కావచ్చు.

నా విషయంలో కారణం పన్ను. కింది వరుసలో ముందు పన్ను ఒకటి అంచు విరిగి, కంటికి కనిపించనంత చిన్న మొనగా మిగిలి ఉంది. నాలుగవ పొక్కు సరిగ్గా దానికి ఎదురుగా ఉంది. చదువుకునేటప్పుడు నా నాలుక పదే పదే ఆ పంటినే తడుముతున్నదని ఆమె అడిగేవరకు నేను గమనించలేదు. ఆమె ఆ మొనను నొప్పి లేకుండా కొన్ని నిమిషాలలో నున్నగా అరగదీశారు. నోరు మూసి ఉన్నప్పుడు నాలుక కొనను పై పళ్ల వెనుక, అంగిలికి ఆనించి ఉంచడం అలవాటు చేసుకోమన్నారు. మూడవ రోజుకు ఆ చివరి పొక్కు కూడా లేదు.

వెళ్లేముందు ఆమె ఒక మాట చెప్పి, నా చేత తిరిగి చెప్పించుకున్నారు. నాలుక మీద ఏ పొక్కైనా, పుండైనా రెండు వారాలు దాటి ఉంటే, చేతికి గట్టిగా తగిలితే, కారణం లేకుండా రక్తం వస్తే, తెల్లని లేదా ఎర్రని మచ్చ పోకుండా ఉంటే, మెడలో గడ్డ కనిపిస్తే వెంటనే చూపించుకోవాలి. నాలుక ఒక్కసారిగా ఉబ్బి ఊపిరి ఆడకపోతే ఒక్క నిమిషం కూడా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

తగ్గినా సరే రెండు వారాల తర్వాత ఒకసారి రమ్మన్నారు. వెళ్లాను. మచ్చ కూడా మిగలని ఆ చోటును ఆమె మొదటి రోజు లాగే గాజుగుడ్డతో పట్టుకుని, దీపం దగ్గరకు జరిపి, అటూ ఇటూ తిప్పి చూసి, ఇక రానవసరం లేదని చెప్పారు. ఏమీ లేని చోటును కూడా అంత శ్రద్ధగా చూసినందుకు ఆమెకు, మందు అమ్మనందుకు ఆ ఫార్మసిస్టుకు, సూది లాక్కున్నందుకు అక్కకు నా హృదయపూర్వక నమస్కారాలు.