2025 వార్షిక నివేదిక: టోనీ సాయంత్రం, మిగతా పనులు

గౌరవ సభ్యులకు నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి పది రోజుల ముందు కార్యదర్శి నివేదిక సభ్యులకు చేరాలని మన నియమావళి చెబుతోంది కాబట్టి కార్యవర్గం తరఫున దీన్ని సమర్పిస్తున్నాం. సంక్రాంతి ముగ్గులు, ఉగాది కవి సమ్మేళనం, బతుకమ్మ ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు మీ ఫోన్లలోనే ఉన్నాయి, మళ్లీ వర్ణించం. ముగ్గుల పిండి తెచ్చినవారికి, బతుకమ్మకు తంగేడు దొరక్క బంతిపూలతో సర్దిన అక్కలకు, పిల్లల చేత పద్యాలు చెప్పించిన మాస్టారికి పేరుపేరునా కృతజ్ఞతలు.

ఈ ఏడాది చెప్పుకోదగ్గ పని నాటక విభాగానిది. న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే నాటకాలకు ఏటా ఇచ్చే టోనీ అవార్డులు ఎవరికి వస్తాయో ముందే ఊహించే పోటీ, జూన్ 8న జరిపిన టోనీ అంచనాల సాయంత్రం గురించే ఇక్కడ ఎక్కువ రాస్తున్నాం. "తెలుగు సంఘానికి బ్రాడ్‌వే ఎందుకండీ" అని అడిగినవారున్నారు. మన న్యూజెర్సీ మెట్రోపార్క్‌లో రైలెక్కితే గంటలోపు న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో దిగుతాం, అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో నలభై నాటకశాలలు. పరిషత్తు నాటకాలు చూసి పెరిగినవాళ్లకు ఈ పని కొత్తేమీ కాదు. ఆఖరి నాటిక అయ్యాక న్యాయనిర్ణేతలు మార్కులు కూడుకుంటుంటే వెనక కుర్చీల్లో ఉత్తమ నటుడు ఎవరు, ఆహార్యం ఎవరికి, ఉత్తమ ప్రదర్శన ఏ ఊరికి పోతుంది అని పందాలు కట్టుకోవడం అక్కడ మామూలే. దాన్నే కాగితం మీద పెట్టాం.

నామినేషన్లు మే 1న వచ్చాయి. ఆ ఆదివారమే, మే 4న, చర్చ పెట్టుకున్నాం. మొదట పేలింది ఒథెల్లో గొడవ. సినిమా తారలు డెంజెల్ వాషింగ్టన్, జేక్ జిలెన్‌హాల్ ఉన్న నాటకం, సీజన్ మొత్తంలో టికెట్టు ధర గురించి అందరూ నోళ్లు నొక్కుకున్న నాటకం, ఒక్కటంటే ఒక్క నామినేషన్ కూడా తెచ్చుకోలేదు. జార్జ్ క్లూనీకి మాత్రం గుడ్ నైట్, అండ్ గుడ్ లక్‌కు వచ్చింది. సినిమా పేరుంటే చాలు అనుకున్నవారి లెక్క ఆ రోజే సగం తప్పింది. బ్వేనా విస్టా సోషల్ క్లబ్, డెత్ బికమ్స్ హర్, మేబీ హ్యాపీ ఎండింగ్, ఈ మూడు మ్యూజికల్స్‌కూ (పాటలతో నడిచే నాటకాలకు) తలా 10 నామినేషన్లు. సంఖ్య చూసి విజేతను చెబుదామంటే ఆ దారి కూడా మూసుకుపోయింది. జిప్సీకి ఆడ్రా మెక్‌డోనల్డ్ పేరు 11వసారి జాబితాలోకి ఎక్కింది. నటనకు ఇన్ని నామినేషన్లు ఇంకెవరికీ లేవు.

ఓటు ఎవరు వేస్తారో తెలియకుండా అంచనా వేయకూడదు. మన పరిషత్తులో ముగ్గురు న్యాయనిర్ణేతలు ముందు వరసలో కూర్చుని అన్నీ చూస్తారు. ఇక్కడ అరవై మంది వరకూ ఉండే కమిటీ నామినేషన్లు తేలుస్తుంది, విజేతలను తేల్చేది 800 మందికి పైగా ఓటర్లు. ఒక విభాగంలో ఓటు వేయాలంటే అందులో నామినేట్ అయిన ప్రదర్శనలన్నీ చూసి ఉండాలి. ఓటర్లలో నటులు, రచయితలు, సాంకేతిక నిపుణులతో పాటు నిర్మాతలు, ఊరూరా టూర్ నాటకాలు రప్పించుకునే థియేటర్లవాళ్లు కూడా ఉంటారు. అందుకే రేపు టూరుకు ఏది పనికొస్తుందన్న మాట ఉత్తమ మ్యూజికల్ దగ్గర ఎప్పుడూ వినబడుతుంది.

అంచనా కాగితం తయారీకి రెండు వారాలు పట్టింది. విభాగాలు 26. నాలుగు ఉత్తమ ప్రదర్శనలకు తలా 3 మార్కులు, ఎనిమిది నటన విభాగాలకు తలా 2, మిగిలిన 14 విభాగాలకు ఒక్కొక్కటి, మొత్తం 42. ప్రతి విభాగానికీ రెండు గళ్లు: "ఎవరికి వస్తుంది", "ఎవరికి రావాలి". మార్కులు మొదటి గడికే. ఈ రెండో గడి పెట్టకపోతే జనం అభిమానాన్ని తెచ్చి మొదటి గడిలోనే పోస్తారు. గడి పెట్టినా పోశారు, అది వేరే సంగతి. సమానంగా వస్తే తేల్చడానికి చివర ఒక ప్రశ్న: అన్నిటికంటే ఎక్కువ అవార్డులు తెచ్చుకునే ప్రదర్శనకు ఎన్ని వస్తాయి?

మొదటి విడత కాగితాల్లో ఒక పొరపాటు దొర్లింది. "బుక్" అన్న మాటను అలాగే ఉంచేశాం. పదిమందికి పైగా దాన్ని అచ్చు పుస్తకమనుకుని ఖాళీ వదిలేశారు. మ్యూజికల్‌లో బుక్ అంటే పాటలు పోను మిగిలిన కథ, సంభాషణలు. స్కోర్ అంటే బాణీలు, పాటల సాహిత్యం. ఆర్కెస్ట్రేషన్స్ అంటే ఆ బాణీని ఏ వాద్యానికి ఎంత పంచారన్నది. రెండో విడతలో పక్కనే తెలుగులో రాశాం, ఖాళీలు పోయాయి.

మే 5న, అంటే మన చర్చ జరిగిన మర్నాడే, బ్రాండెన్ జేకబ్స్-జెన్‌కిన్స్ రాసిన పర్పస్‌కు నాటక రచనకు ఇచ్చే పెద్ద బహుమతి పులిట్జర్ ప్రకటించారు. అప్పటిదాకా ఓ, మేరీ! అన్నవారిలో సగం మంది ఉత్తమ నాటకం గడిలో కొట్టేసి పర్పస్ రాసుకున్నారు. అదే గెలిచింది. అయితే పులిట్జర్ వచ్చినవన్నీ టోనీ తెచ్చుకోవు. పక్కనే నామినేషన్‌లో ఉన్న ఇంగ్లిష్ 2023లో పులిట్జర్ పొందిన నాటకమే. అది ఎప్పటి గౌరవం, ఓటరు మనసులో ఇంకా వేడిగా ఉందా అన్నది చూసుకోవాలి.

మన సభ్యుల్లో ఎక్కువమంది నమ్ముకున్న సూత్రం ఇంకొకటి ఉంది: లండన్‌లో ఆలివియర్ (అక్కడి నాటక అవార్డు) గెలిచి ఇక్కడికి వచ్చినవారికి టోనీ ఖాయం. సన్‌సెట్ బులవార్డ్ కథానాయిక నికోల్ షెర్జింగర్, డోరియన్ గ్రేలో సారా స్నూక్, ఆపరేషన్ మిన్స్‌మీట్‌లో జాక్ మలోన్, ముగ్గురికీ 2024లో అక్కడ వచ్చింది, 2025లో ఇక్కడా వచ్చింది. అది చూసి సూత్రం గట్టిదే అనుకోకండి. అదే సన్‌సెట్‌కు అక్కడ టామ్ ఫ్రాన్సిస్ ఉత్తమ నటుడు, జేమీ లాయిడ్ ఉత్తమ దర్శకుడు. ఇక్కడ ఆ రెండూ మేబీ హ్యాపీ ఎండింగ్‌కు, డారెన్ క్రిస్‌కూ మైకేల్ ఆర్డెన్‌కూ పోయాయి. ఐదింట మూడు. నాణెం ఎగరేసిన దానికంటే కాస్త నయం.

సారా స్నూక్ దగ్గర మనవాళ్లు తడబడలేదు. ఒక్క మనిషి 26 పాత్రలు, చుట్టూ కెమెరాలు, తెరల మీద ముందే చిత్రించిన తన రూపాలతో తానే వాదులాట. ఏకపాత్రాభినయానికి చప్పట్లు కొట్టి పెరిగిన జనం మరి. కథానాయిక విభాగంలో, మ్యూజికల్‌కు, మెజారిటీ ఆడ్రాకు వేసి 2 మార్కులు పోగొట్టుకుంది. అప్పటికే ఆరు టోనీలున్న నటి ఏడోది తీసుకుంటుందనుకోవడం తప్పు కాదు. కానీ సన్‌సెట్ దాదాపు ఖాళీ వేదిక మీద, పెద్ద తెర మీద ముఖాన్ని దగ్గరగా చూపిస్తూ నడుస్తుంది. ఓటరు ఇంటికి తీసుకెళ్లేది ఆ ముఖాన్నే. దీపాలంకరణ కూడా దానికే వచ్చింది. అది చూసొచ్చిన ఆరుగురు సభ్యుల్లో ఐదుగురు సరిగా వేశారు. చూడనివాళ్లు పేరు చూసి వేశారు.

మూతపడిన నాటకం గెలవదన్న సూత్రం కూడా నమ్మదగింది కాదు. పునఃప్రదర్శన నాటకాల విభాగంలో పోటీలోని నాలుగు నాటకాలూ నామినేషన్ల నాటికే మూతపడ్డాయి, కనుక అక్కడ సూత్రమే పనిచేయదు. యురేకా డే గెలిచింది. టీకాల గురించి ఒక బడి కమిటీ ఆన్‌లైన్ సమావేశం పెడితే కామెంట్లు వెనక తెర మీద పడుతూ, వేదిక మీది మాటలు వినబడనంతగా ప్రేక్షకులు నవ్వే సన్నివేశం అందులో ఉంది. మన వాట్సాప్ గ్రూపు చదివేవారికి వివరించనక్కర్లేదు. అసలు పరీక్ష నాటకంలో సహాయ నటుడి దగ్గర: ఎల్లో ఫేస్ నవంబరులోనే ముగిసినా, మిగతా నలుగురి నాటకాలూ ఆడుతున్నా ఫ్రాన్సిస్ జూకే వచ్చింది. 57 కాగితాల్లో ఆయన పేరు రాసినవి నాలుగు.

సాంకేతిక విభాగాలు చిన్నవని వదిలేసినవారు నష్టపోయారు. నాటకాల్లో రంగాలంకరణ, దీపాలు, శబ్దం మూడూ స్ట్రేంజర్ థింగ్స్‌కే పోయాయి. సురభి వారి మాయాబజార్ చూసినవారు మాయ చేసే నాటకం ఏ గడిలో పడుతుందో ఇట్టే పట్టారు. మ్యూజికల్ దుస్తులకు పాల్ టాజ్‌వెల్ పేరు తేలిగ్గా తట్టాల్సింది, అంతకు మూడు నెలల ముందే ఆయనకు వికెడ్ సినిమాకు ఆస్కార్ వచ్చింది. డెత్ బికమ్స్ హర్‌కు పది నామినేషన్లలో దక్కింది ఆ ఒక్కటే. మేబీ హ్యాపీ ఎండింగ్‌కు ఆరు. 2016లో సియోల్‌లో మొదలైన ఇద్దరు రోబోల కథ అది, సినిమా పేరు గానీ పాత పాటల ఆసరా గానీ లేనిది. ఉత్తమ మ్యూజికల్ గడిలో మనవాళ్లు మూడింట రెండొంతుల మంది దాన్నే రాయడం కార్యవర్గానికి గర్వంగా ఉంది.

ఇక ఆ సాయంత్రం ఏం చెడిందో కూడా రాయాలి, వచ్చే కార్యవర్గానికి పనికొస్తుంది. హాలు అనుమతికి ఫిబ్రవరిలో దరఖాస్తు పెడితే సదరు కార్యాలయం నుంచి జవాబు జూన్ 3న వచ్చింది. మధ్యలో ఏడుసార్లు ఫోన్ చేశాం, ప్రతిసారీ కొత్త మనిషి, కొత్త ఫారం. సరే, హాలు దొరికింది. ప్రసారం పారమౌంట్ ప్లస్ అనే ఆన్‌లైన్ సేవలో చూద్దామనుకుంటే, తెచ్చిన ఖాతా చవక రకం. దానిలో ప్రత్యక్ష ప్రసారం రాదు, మర్నాడే చూడాలి. ఈ సంగతి 7:40కి తెలిసింది. కోశాధికారి వెళ్లి ఇండోర్ యాంటెనా కొనుక్కొచ్చారు. గోడ పక్కన పెడితే బొమ్మ ముక్కలైంది, న్యూయార్క్ వైపు కిటికీకి టేపుతో అంటిస్తే టోనీ ప్రసారం చేసే రెండో నంబరు ఛానల్ సీబీఎస్ నిలబడింది. ప్రొజెక్టర్‌కు యాంటెనా ప్లగ్గు ఉండదు, మధ్యలో టీవీ గానీ ట్యూనర్ పెట్టె గానీ కావాలి. ఒక సభ్యుడు ఇంటి టీవీనే వ్యాన్‌లో వేసుకొచ్చారు. వారికి సంఘం రుణపడి ఉంది.

అంతకంటే పెద్ద తగాదా కాగితాలు ఎప్పుడు తీసుకోవాలన్న దగ్గర వచ్చింది. అసలు కార్యక్రమం 8 గంటలకు కదా అని 7:55 వరకూ తీసుకున్నాం. కానీ సాంకేతిక అవార్డులు చాలావరకు 6:40కే మొదలైన ముందు భాగంలో, ఆన్‌లైన్‌లో వచ్చే ప్లూటో టీవీలో ఇచ్చేశారు. హాల్లో కూర్చుని ఫోన్‌లో చూసుకుంటూ గళ్లు నింపినవారు కనీసం ముగ్గురని తేలింది. పేర్లు రాయం. 6:30 తర్వాత అందిన 14 కాగితాల్లో ఆ విభాగాల మార్కులు కొట్టేశాం. వచ్చే ఏడు 6:30కి పెట్టెకు తాళం.

మొదటి స్థానంలో ఇద్దరికి 31 మార్కులు. చివరి ప్రశ్నకు ఒకరు 5 రాశారు, ఒకరు 6. ఆరు రాసిన అమ్మాయి పదకొండో తరగతి, బహుమతిగా ఇచ్చిన చెక్కుతో టైమ్స్ స్క్వేర్ రాయితీ బూత్‌లో టికెట్టు కొనుక్కుంటానంది. అందరికీ పులిహోర మూడు పెద్ద ట్రేలు సరిపోయాయి, పెరుగన్నం మిగిలింది, టీ చాలలేదు.

వాలంటీర్ల పట్టికలో 11 పేర్లున్నాయి. కుర్చీలు వేసింది ముగ్గురు, తీసింది ఇద్దరు. దీపావళి నాటిక కూడా ఇందుకే ఆగింది. ఆరు పాత్రలు, తొమ్మిది రిహార్సళ్లు పెడితే ఆరుగురూ కలిసి వచ్చింది రెండింటికే. అవార్డు ఎవరికి రావాలో చెప్పడానికి 57 మంది ఉన్నప్పుడు వేదిక ఎక్కడానికి ఆరుగురు దొరకకపోవడం గురించి సమావేశంలో మాట్లాడుకోవాలి.

లెక్కలు కోశాధికారి పట్టికలో ఉన్నాయి. హాలు అద్దె, భోజనం, యాంటెనా పోను టోనీ సాయంత్రానికి 38 డాలర్లు మిగిలాయి. సభ్యత్వ బకాయిలు ఎవరివో వారికి తెలుసు.

సంఘం సామాను ఇలా ఉంది: యాంటెనా ఒకటి, ట్యూనర్ పెట్టె ఒకటి (తర్వాత కొన్నాం), 40 అడుగుల కేబుల్ ఒకటి, తాళం ఉన్న కాగితాల పెట్టె ఒకటి. రెండు ఎక్స్‌టెన్షన్ తీగల్లో ఒకటి జూన్ 8 రాత్రి నుంచి కనబడటం లేదు. నారింజ రంగుది. తీసుకెళ్లినవారు సమావేశానికి తేగలరు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి